కార్డుకు ఒకటే

మంగళవారం పొద్దున తొమ్మిదింటికే అమెరికాలో టోలెడో ఊళ్లోని ఆ కిరాణా దుకాణంలో టర్కీ కోళ్ల ఫ్రీజర్ ఖాళీ.

పైన బోర్డు మాత్రం ఉంది: పౌను నలభై తొమ్మిది సెంట్లు. దుకాణం సభ్యత్వ కార్డుకు ఒకటే.

మార్లీన్ కాసేపు ఆ బోర్డు కిందే నిలబడింది. ఎల్లుండి థ్యాంక్స్‌గివింగ్, ఇంటింటా టర్కీ వండే పండగ. భోజనానికి ఆరుగురు. ఇంతకంటే ఎక్కువ ధర ఆమె పెట్టలేదు.

భర్త రే గాజు ఫ్యాక్టరీలో పని పోగొట్టుకుని రెండేళ్లు దాటింది. ఆ రెండు పండగలకీ ముందురోజు ఎవరో గుమ్మంలో టర్కీ పెట్టి వెళ్లారు. ఫ్యాక్టరీ యూనియన్ వాళ్లే అన్నాడు రే. టర్కీ కవరు అడుగున నల్లసిరాతో ఒకటే మాట: "మెడలో సంచి తియ్యడం మరవకు." టర్కీ లోపల గుండె, కాలేయం చుట్టిపెట్టే కాగితం సంచి అది, వండేముందు తీసెయ్యాలి.

"నీ వంట సంగతి యూనియన్ దాకా పోయిందే" అని అత్తగారు రెండేళ్లూ నవ్వింది.

ఈ ఏడు యూనియన్ ఆఫీసుకే తాళం పడింది.

మార్లీన్ బంగాళాదుంపలు తీసుకుని వరుసలో నిలబడింది. ముందున్న ముసలాయన బండిలో మూడు టర్కీలు. నెత్తిన గాజు ఫ్యాక్టరీ టోపీ. ఒక్కోదాన్నీ తిరగేసి మార్కరుతో ఏదో రాస్తున్నాడు.

"మీకు మూడెలా ఇచ్చారు?"

"ఒకటి నా కార్డు మీద. ఇంకొకటి తన కార్డు మీద వేయిస్తానని నా ముందున్నాయన సరేనన్నాడు." గొంతు తగ్గించాడు. "నీ బండిలో టర్కీ లేదుగా అమ్మా. మూడోది నీ కార్డు మీద వేయిస్తావా? డబ్బు నేనిస్తా."

"ఎవరికివన్నీ?"

"ఇళ్లున్నాయి."

"అమ్ముతారా?"

ఆయన నవ్వాడు. "ఆ, మంచి బేరం."

"సరే" అంది మార్లీన్.

ఆయన ఒక టర్కీ తీసి ఆమె బండిలో పెట్టాడు.

కౌంటరు దగ్గరికి రాగానే ఆమె మేనేజర్‌ని పిలిచింది.

"ఈయన మా కార్డుల మీద కొని బయట అమ్ముకుంటున్నాడు."

ముసలాయనకి ముందున్నాయన చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు సరేనన్నావు కదమ్మా" అన్నాడు ముసలాయన.

"అదే ఫ్యాక్టరీ టోపీ పెట్టుకుని మావాళ్ల నోటి దగ్గరిది లాక్కుంటారా? సిగ్గు లేదూ?"

"ఎవరికి తీసుకెళ్తున్నారో చెప్పండి, వదిలేస్తా" అన్నాడు మేనేజర్.

"చెప్పను. వాళ్లకి చిన్నతనంగా ఉంటుంది."

మేనేజర్ ఆయన్ని ఒకటే ఉంచుకోమన్నాడు. మార్లీన్ బండిలోది ఆమెనే కొనుక్కోమన్నాడు.

ఆయన మిగిలిన రెండిటి అడుగులూ మార్చి మార్చి చూశాడు. ఒకటి ఉంచుకోవడానికి చాలాసేపు పట్టింది.

పోతూ ఆగాడు. "ఎంతమందికి?"

"ఆరుగురం."

"ఇవాళే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టు. గురువారానికి కరుగుతుంది."

ఆమె బండి తోసుకుని బయటికి నడిచింది.

ఇంటికొచ్చి రేకి చెప్పింది. "బయటివాడైతే పోనీ అనుకుందును. మన ఫ్యాక్టరీ మనిషే, రే."

రే టర్కీ అందుకుని కింది అరలో పెట్టబోతూ తిరగేశాడు.

అడుగున నల్లసిరాతో వాళ్ల ఇంటి నంబరు, వీధి పేరు, ఆ కింద ఒకటే మాట: "మెడలో సంచి తియ్యడం మరవకు."