పగడాల నీళ్లు

పొద్దున ల్యాబు తలుపు తీయగానే త్రివేణి గుమ్మంలోనే ఆగిపోయింది.

గాజు తొట్టిలో పగడాలు అంచుల వెంట తెల్లబడుతున్నాయి.

సముద్ర పరిశోధన కేంద్రం వాళ్లు ఈ నిజామాబాద్ కాలేజీని నమ్మి ఇచ్చిన జీవాలవి. ఎల్లుండి వాళ్లే చూడడానికి వస్తున్నారు. త్రివేణిది కాంట్రాక్టు ఉద్యోగం.

వెంటనే తొట్టి నీళ్లు పరీక్షించింది. ఎనిమిది ఉండాల్సిన క్షారం ఐదుకు పడిపోయింది. క్షారం తగ్గితే పగడం తన సున్నపు గూడు కట్టుకోలేదు. గబగబా సోడా పొడి జగ్గులో కలిపింది.

"ఆగుండ్రి మేడమ్! ఒక్కపారే పొయ్యకుండ్రి."

గుమ్మంలో, తొట్టిలో పోసే ఫిల్టర్ నీళ్ల క్యాన్ భుజాన పెట్టుకొని ముసలాయన నిలబడ్డాడు. నెల నుంచి వస్తున్నాడు. పేరు ఆత్మారాం అని తప్ప ఆమెకేమీ తెలియదు.

"ఏమన్నవ్?"

"దినాం ఇంత ఇంత కలపాలె. క్షారం ఒక్కపారే ఎగిరితే గవి తట్టుకోవు. నాలుగు దినాలు పడ్తది, పట్టనియ్యుండ్రి."

"ఎల్లుండికే సార్లు వస్తున్నరు! క్యాన్ దించి పో. నీకేం ఎరుక?"

ఆత్మారాం క్యాన్ చప్పుడు కాకుండా దించి వెళ్లిపోయాడు.

త్రివేణి జగ్గు మొత్తం తొట్టిలో ఒంపేసింది.

మర్నాడు పొద్దున్నే తొట్టి దగ్గరికి పరుగెత్తింది. సగం పగడాల ఒంటి మీది పొర పేలికలై ఊడి, నీళ్లలో తేలుతోంది.

ఉద్యోగం పోయినట్టే. ఆ భయంలో, క్యాన్లు పంపే వాటర్ ప్లాంటుకు ఫోన్ చేసింది.

"నీళ్లల్ల ఏం కలిపిండ్రు? మీ ముసలోడు తెచ్చిన క్యాన్‌తోనే అన్నీ సస్తున్నయ్!"

ఫోన్ పెట్టేశాక క్యాన్ నీళ్లు పరీక్షించింది. ఏ దోషమూ లేదు.

తొట్టి నీళ్లు పరీక్షించింది. క్షారం పన్నెండు దాటింది.

మిగిలిన సగమైనా బతకాలంటే దారి చెప్పగలిగేది నిన్న ఆగమన్న ఆ ముసలాయన ఒక్కడే. మళ్లీ ఫోన్ చేసింది.

"నరేష్ అన్నా, తప్పు నాదే. మీ నీళ్లు మంచిగనే ఉన్నయ్. ఆత్మారాంను జర పంపవా?"

ప్లాంటు యజమాని నరేష్ గొంతు తగ్గించాడు.

"ఇందాక మీ ఫోన్ రాంగనే క్యాన్ల ఆటో తాళాలు నా చేతుల పెట్టి పోయిండు మేడమ్. 'నేనిచ్చిన నీళ్ల మీద మాటొచ్చినంక నేనుండ' అన్నడు."

"ఎటు పోయిండు?"

"ఎరుక లేదు. ఫోన్ గూడ వాడడు."

"అసలు ఎవరన్నా ఆయన?"

"బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాంక ల్యాబుకు పెద్ద కెమిస్టు ఆయనే మేడమ్, ఆయన సీసాలు కడిగినోణ్ణి నేను."