మూడో వారం కొలత

"కుదర్లేదు. మళ్లీ మొదట్నించి కట్టు," అన్నాడు అర్బాబ్, గురి కాగితం మడిచి కందూరా అంగీ జేబులో పెట్టుకుంటూ. ఇది ఏడోసారి.

త్రిమూర్తులు కిందికి వంగాడు. కాల్చిన ఐదు తూటాల ఇత్తడి డొప్పలూ ఏరి, ఒక్కోదాని అడుగూ వెలుతురుకి పెట్టి చూశాడు. ఎక్కడా నొక్కు లేదు. తుపాకి మందు ఎక్కువ కాలేదు. డొప్పలు చెప్పేది ఒకటి, అర్బాబ్, అదే యజమాని, చెప్పేది ఇంకొకటి.

అరబ్బుల ఊరు ముసఫ్ఫాలోని ఆ లైసెన్సు వర్క్‌షాపులో వేట తుపాకులకి తూటాలు కట్టడం ఇరవై రెండేళ్లుగా అతని పని. ఏ తుపాకి కడుపు దానిదే. ఒకదానికి అరిగింది ఇంకోదానికి అరగదు. తక్కువ మందుతో మొదలెట్టి, ఆవగింజంత చొప్పున పెంచుతూ, డొప్ప అడుగు చూసుకుంటూ వెళ్లాలి. ఐదు తూటాలూ ఒకే బెజ్జంలోంచి పోయిన చోట ఆగి, ఆ కొలత నోట్‌బుక్కులో రాసుకోవాలి. అక్కడితో పని అయిపోయినట్టు.

ఈసారి పని అయిపోతే తనూ అయిపోయినట్టే. అందరూ ఫ్యాక్టరీ తూటాలే కొంటున్నారు. అర్బాబ్ కొడుకు అక్టోబరులోనే చెప్పేశాడు. నాన్న పాత రైఫిలుకి కొత్త బ్యారెల్ వేయించాం, దానికి తూటా కుదిర్చిపెట్టు, మర్నాడే వీసా ఖలాస్.

కొడుకు ఆ మాట అన్న పూట పెద్దాయన అర్బాబ్ అక్కడే కూచుని గావా కాఫీ తాగుతూ, ఇంట్లోవాళ్ల సంగతి అడిగాడు. త్రిమూర్తులు ఉన్నది చెప్పాడు. ఇన్నేళ్లూ తనొక చోట, భార్య నాగరత్నమ్మ ఒక చోట. ఈ ఏడే ఆమె పక్కనే ఉన్న మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక ఇంటికి వంటకి వచ్చింది. ఏప్రిల్ దాకా ఉంటుంది. వారానికో పూట కలుస్తారు. పెద్దాయన ఇక చాలన్నట్టు కప్పు అటూ ఇటూ ఊపి ఇచ్చేశాడు.

నవంబరు నుంచి ప్రతి శనివారం ఇద్దరూ కాల్పుల రేంజికి వెళ్లడం, అర్బాబ్ ఐదు కాల్చడం. ఇదివరకు గురి కాగితం త్రిమూర్తులే తెచ్చేవాడు. ఇప్పుడు అర్బాబే గురి దాకా జీపులో వెళ్లి తెస్తున్నాడు. తూటాలు ఎటు చెదిరాయో ఒకసారి చూస్తానంటే, నా కళ్ల మీద నమ్మకం లేదా అన్నాడు.

"ఆయన చెయ్యి వణుకుద్దని ఊరందరికీ తెల్సు బాబాయ్. తప్పు మాత్రం నీ తూటాదంట," అని డ్రైవర్ నాగబాబు ఎటకారమాడాడు.

పార్కులో టిఫిన్ డబ్బా విప్పుతూ నాగరత్నమ్మ వేరే మాట అంది.

"కుదరకపోబట్టే కదండీ మనం ఇలా కూచున్నాం. కాస్త అటూ ఇటూగా కట్టెయ్యండి."

"అటూ ఇటూ అయితే ఆయన మొహం మీదే పేలుద్ది."

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అతను ప్రతిసారీ సరిగ్గానే కట్టాడు. కుదర్లేదన్న మాట వినగానే బతికిపోయానన్నట్టూ ఉండేది, చేతిలో పని చచ్చిపోయిందన్నట్టూ ఉండేది. కొంత పెంచాడు, కొంత తగ్గించాడు. జనవరికి ఓపిక అయిపోయింది. తన లెక్కకి బాగుందనిపించిన మూడో వారం కొలతకే తిరిగొచ్చి, ఇక దాన్ని మార్చలేదు. దానికీ వారం వారం కుదర్లేదనే.

ఏప్రిల్లో నాగరత్నమ్మ కాంట్రాక్టు ముగిసి, టికెట్ వచ్చింది. ఆ శనివారం అర్బాబ్ ఐదు కాల్చి, కాగితం జేబులో పెట్టుకుని, "తమామ్. కుదిరింది," అన్నాడు.

త్రిమూర్తులుకి ఒళ్లు మండింది. అదే మందు, అదే కొలత. ఇరవై రెండేళ్ల చేతికి ఇంతేనా విలువ అనుకున్నాడు. నోట్‌బుక్కులో రాసి, తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

ఇద్దరినీ ఎయిర్‌పోర్టులో నాగబాబే దింపాడు. పెద్దాయన ఇమ్మన్నాడంటూ ఒక కవరు చేతిలో పెట్టాడు. లోపల మడతలు పడ్డ గురి కాగితాలు, ఒక్కో దాని మూల తారీకు. త్రిమూర్తులు వేళ్లతో వెతికి, మూడో వారానిది బయటికి తీసి విప్పాడు.

ఒకటే బెజ్జం.