కాపలా మేసిన మెమరీ

“దొంగ దొరికాడా గురువుగారూ?” మేనేజరు తలుపు దగ్గర నుంచే కేకేశాడు.

టికెట్ కౌంటర్ల సర్వర్ మళ్లీ మొరాయించింది. బయట క్యూలో జనం అరుస్తున్నారు. ఆఫీసంతా గురువుగారని పిలిచే సీనియర్ ఇంజనీరు, కొత్తగా చేరిన అమ్మాయి వైపు చూపించాడు.

“ఇంకెవరు సార్? ఈ అమ్మాయి ప్రోగ్రాం వచ్చాకే మెమరీ కరిగిపోతోంది. తీసేద్దాం.”

“నాది పిడికెడు కూడా తినట్లేదండీ,” అంది ఆ అమ్మాయి. “ప్రోగ్రాములు ఒకదానికొకటి పంపుకునే మెసేజీలు, అవతలిది తీసుకునేదాకా, సర్వర్‌ని లోపలి నుంచి నడిపే కెర్నెల్ తన మెమరీలోనే దాచిపెడుతుంది. అది మన లెక్కలో ఎవరి ఖాతాలోనూ పడట్లేదు. పంపినవాళ్ల పేరు మీద పడేలా ఇప్పుడే మార్చాను, చూడండి.”

గురువుగారు నవ్వుకుంటూ తెర మీదికి వంగాడు. అన్నిటికన్నా పైన ‘కాపలా’ అన్న పేరుంది. నవ్వు ఆగిపోయింది.

అది ఆయన ప్రోగ్రామే. కొత్తపిల్లను ఓ కంట కనిపెట్టాలని, ఆమె చేరిన రోజే రాశాడు. ‘మెమరీ తగ్గుతోంది’ అని అది క్షణక్షణం మెసేజీ పంపుతోంది. ఆ మెసేజీలు తీసుకునే ప్రోగ్రాం రాయడం మాత్రం మహానుభావుడు మరిచిపోయాడు.

మేనేజరుకు తెర మీదిదేమీ అర్థం కాలేదు. “అయితే ఈ అమ్మాయిది తీసేయమంటారా?”

ఒక్కసారి తలూపితే పరువు దక్కేది.

“వద్దు సార్. కంచే చేను మేసింది. ఆ కంచె వేసింది నేనే.”

మేనేజరు నోరు తెరిచాడు. గురువుగారు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. “ఆ లెక్క ఎలా కట్టావో నాకూ కాస్త చెప్పమ్మా.”

“చెప్తానండీ. ముందు మీ కాపలాని ఆపండి, ఇంకా మేస్తూనే ఉంది.”