ఐదో బేరం

"పాదాలు రెండూ నేలకి ఆనాయా అమ్మాయ్?" వరండాలో చక్రాల కుర్చీలోంచి రాయిస్ కేకేశాడు.

"ఆనాయండీ! మడమలతో సహా!" మోటారుసైకిల్ మీద కూర్చున్న డార్సీ మొహం వెలిగిపోతోంది.

గరాజ్ తలుపు దగ్గర నిలబడ్డ అతని భార్య వెర్నా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. తడేమీ లేదు. అయినా తుడుచుకుంది.

ఇది ఐదో బేరం. ముందొచ్చిన నలుగురూ బండి చుట్టూ తిరిగారు, మురిశారు, చివర్లో ఏదో సాకు చెప్పి వెళ్ళిపోయారు. ఒకడికి రంగు నచ్చలేదు. ఒకడికి చప్పుడెక్కువైంది. ఒకడికి భార్య ఫోన్ చేసిందట, ఫోన్ మోగినట్టు మాత్రం ఎవరికీ వినపడలేదు. నాలుగోవాడు భోంచేసి వస్తానని వెళ్ళి మూడు వారాలైంది.

"నా బండికేం రోగం?" అని రాయిస్ ఒకటే మథనపడుతున్నాడు. ఈ పిల్ల కూడా కాదంటే ప్రకటన తీసేస్తానని పొద్దున్నే తేల్చేశాడు. కొంటే మాత్రం ఇవాళే తోలుకుపోవాలట.

జనవరిలో మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. వ్యాయామం చేయించే ఆమె ఒక రబ్బరు పట్టీ ఇచ్చి, రోజూ కాలికి తగిలించుకుని లాగితే ఆగస్టుకల్లా బండెక్కుతావంది. ఆ పట్టీ ఇంకా కవర్లోంచి బయటికి రాలేదు. "బండే అమ్మేస్తుంటే ఇక కాళ్ళతో నాకేం పని?" అంటాడు.

వెర్నా ఆ బండిని తిట్టని రోజు లేదు. పద్దెనిమిదేళ్ళు వెనకసీట్లో కూర్చుని బ్లాక్ హిల్స్ కొండదారుల మలుపులన్నీ నడుంతో లెక్కపెట్టింది. అమ్మకానికి పెట్టారని తెలిసి చర్చిలో ఆడవాళ్ళు "నీ పీడ విరగడైందిలే" అని నవ్వారు.

డార్సీకి ఇరవై మూడు. ముసలివాళ్ళ ఆశ్రమంలో పని. రెండు రోజుల శిక్షణ ముగించి లైసెన్సు తెచ్చుకుంది. ఇదే మొదటి బండి. వాళ్ళమ్మకి ఇంకా చెప్పలేదు. పాత బండి కొనేముందు ఏమేం చూడాలో కోచ్ రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది.

వంగి ఇంజన్ మీద చెయ్యి ఆనించింది. "చల్లగానే ఉంది. ముందే వేడి చేసి పెట్టలేదు. మంచిది." టైరు పక్కనున్న అంకెలు చదివింది. "రెండేళ్ళ నాటివే. మంచిది."

ఒక్కో "మంచిది"కీ వెర్నా మళ్ళీ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

మీట నొక్కగానే బండి అందుకుంది. గరాజ్ పైకప్పు మీది పిట్టలు లేచిపోయాయి. వరండాలో రాయిస్ కళ్ళు మూసుకున్నాడు. డార్సీ వీధి చివరి పోస్టు డబ్బా దాకా తడబడుతూ వెళ్ళి, తడబడకుండా తిరిగొచ్చింది.

"తీసుకుంటానండీ!" అంటూ చెయ్యి చాపింది.

వెర్నా ఆ చేతిలో చెయ్యి కలపలేదు. గోడకున్న టార్చి తీసి అందులో పెట్టింది.

"కింద కూడా చూసుకో తల్లీ. రేపు మాట రాకూడదు."

డార్సీ మోకాళ్ళ మీద కూర్చుని లైటు వేసింది. చమురు కారడం లేదు. తుప్పు లేదు. లైటు ముందుకి పాకింది. ఆగింది.

చట్రానికి అట్టడుగున ఉసిరికాయంత గంట వేలాడుతోంది.

"ఇదింకా ఉందేంటండీ?" డార్సీ గొంతు తగ్గిపోయింది.

"అయ్యో!" అంది వెర్నా.

"మా కోచ్ మరీ మరీ చెప్పాడు. దారి దయ్యాలు ఇందులో చిక్కుకుపోతాయట. ఎవరో ప్రేమగా ఇవ్వాలిగానీ కొనుక్కోకూడదట. అమ్మేవాళ్ళు ముందు ఈ గంట విప్పుకోవాలట. విప్పలేదంటే అది దొంగబండి అయినా అయ్యుండాలి..." వరండా వైపు చూసింది. "లేకపోతే అమ్మడం ఆయనకి ఇష్టం లేకపోయినా అయ్యుండాలి. అలాంటిది కొంటే ఆ దయ్యాలన్నీ కొన్నవాళ్ళ నెత్తికెక్కుతాయట."

"ఎంతసేపు, ఇప్పుడే విప్పేస్తా."

"వద్దొద్దు, ముట్టుకోకండి! నేను చూసేశాగా."

"చదువుకున్న పిల్లవి, ఇవన్నీ నమ్ముతావా?"

"నమ్మనండీ." డార్సీ రెండడుగులు వెనక్కి వేసింది. "నమ్మనుగానీ... మొదటి బండి కదా." గంట వైపు చూస్తూ అడిగింది. "ఆయనకి ఎవరిచ్చారు?"

"నేనే. బండి కొన్న రోజున."

డార్సీ టార్చి ఆర్పి వెర్నాకిచ్చేసింది. వరండా మెట్ల దగ్గర ఆగి, నేల చూపులు చూస్తూ, "సీటు కాస్త ఎత్తనిపిస్తోందండీ" అంది.

"ఎత్తా! మడమలతో సహా ఆనాయన్నావ్‌గా?"

అప్పటికే ఆమె కారెక్కేసింది.

దుమ్ము అణిగేదాకా రాయిస్ దారివైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఐదుగురు! మొండిఘటం. నన్నొదిలి పోనంటోంది." కుర్చీ చేతి మీద గుద్దాడు. "తీసెయ్ ఆ ప్రకటన. ఆ రబ్బరు ముక్క ఎక్కడ పెట్టి చచ్చావ్?"

"నీ కుర్చీ వెనకాలే ఉంది."

కవరు పళ్ళతో చింపాడు. పట్టీ పాదానికి తగిలించి, పళ్ళు బిగించి లాగాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఆగస్టుకి ఎన్ని వారాలున్నాయి?"

"పదకొండు," వెంటనే చెప్పింది వెర్నా.

తర్వాత గరాజ్‌లోకి వెళ్ళి, ప్రకటన ఇచ్చిన రోజే రాయిస్ విప్పించి దాచమన్న ఆ గంటని ఐదోసారి చట్రం నుంచి విప్పి, ఎప్పట్లాగే బిస్కెట్ల డబ్బా అడుగున పెట్టేసింది.