ఏడు పది బస్సు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు అయిదుగురు. చాటలో బియ్యం ఏరుతున్న అమ్మమ్మ ఆగమ్మ, పొయ్యి ముందు అత్తమ్మ మహేశ్వరి, గిన్నె తిరిగివ్వడానికి వచ్చి ఇంకా కదలని పక్కింటి షౌకత్ బీ, కుర్చీ అంచున కూర్చున్న, బస్సు డిపోలో కంట్రోలర్ అయిన మామ ప్రహ్లాద్, అతని ఎదురుగా ఫైలు విప్పుకున్న హెడాఫీసు అధికారి పురుషోత్తం. సుజనను కూడా కలిపితే ఆరుగురు. ఆమె లోపలి గది గుమ్మానికి ఆనుకుని, ఉన్నట్టూ లేనట్టూ నిలబడింది.

“ఈ సంతకం నీదేనా ప్రహ్లాద్?”

“నాదే సార్.”

“పైన ఉన్నది చదువు.”

చివరికి పురుషోత్తమే చదివాడు. “ప్రిన్సిపాల్ గారికి. నిన్న కిషన్‌బాగ్‌లో ఏడు పది బస్సు రాలేదు. పురానాపూల్ దాకా నడిచి వేరే బస్సు ఎక్కినందువల్ల ఆలస్యమైంది. మన్నించగలరు.”

అది సుజన రాసిన ఉత్తరం. ఆలస్యమైన మర్నాడు ఇంట్లో పెద్దవాళ్ళ సంతకంతో ఉత్తరం తేవాలన్నది కాలేజీ నియమం. పది దాకా ఊళ్ళో చదివి, ఇంటర్‌కని మామ ఇంటికి వచ్చినప్పటి నుంచీ రాస్తూనే ఉంది.

“ఇలాంటివి నలభై ఒక్క జిరాక్సులు. పేరులేని కవర్లో మా ఆఫీసుకొచ్చాయి. అన్నింటి కిందా నీ సంతకమే. అవే తేదీల్లో డిపో రిజిస్టర్లో ఏడు పది బస్సు నడిచిందని రాసిన కంట్రోలర్‌వీ నువ్వే. ఏది నిజం?”

“ఆ బస్సా సాబ్?” అంది షౌకత్ బీ. “ఈద్ కా చాంద్, పండుగ నెలవంకే నయం. ఏడాదికి రెండుసార్లన్న కనబడ్తది.”

“మీరు ఆగండమ్మా.”

అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “అన్నం తినేటప్పుడు ముంగట పెడ్తది సార్ ఈ పిల్ల. ఈయన ఏం రాసిందో సూడకుంట గీకుతడు.” సుజన వైపు తిరిగింది. “ఎవరికిచ్చినవే గవి?”

“కాలేజీల ఇచ్చిన అత్తమ్మా. ఇంకెవ్వరికి ఇయ్యలే.”

“మరి కాయితాలే నడిచిపోయినయా? బస్సులే నడుస్తలేవు.” అన్నాక గానీ అత్తమ్మకు తానేమన్నదో తెలియలేదు. నాలుక కరుచుకుంది. పురుషోత్తం విననట్టు ఫైలు తిరగేశాడు.

“సైకిల్ మీద పో అంటె ఇన్నదా?” అంది అమ్మమ్మ చాటలోంచి తలెత్తకుండా.

సైకిళ్ళకని రోడ్డంచున పచ్చరంగు వేసిన దారి నిండా ఆటోలూ చాయ్ బండ్లూ ఉంటాయి. రెండో రోజే సుజన మోరీ కాలవలో పడింది. అక్కడ సైకిళ్ళు హాయిగా తిరుగుతున్నాయని ఇంకో ఆఫీసులో ఇంకెవరో రాసే ఉంటారు.

ఆమెకు అంతుబట్టనిది ఒక్కటే. ఉత్తరాలు తీసుకునే లెక్చరర్ వాటిని చదవనైనా చదవడు, సొరుగులో పడేస్తాడు. మామ మీద అంత పగ ఎవరికి?

పురుషోత్తం గొంతు తగ్గించాడు. “పైవాళ్ళు చెప్పకుండా నువ్వు రాయవని తెలుసు ప్రహ్లాద్. బస్సులు లేకున్నా ట్రిప్పులు నిండుగా కనిపించాలి. కానీ కాగితం మీద ఉన్నది నీ చేతిరాత ఒక్కటే. సస్పెన్షన్ తప్పదు. ఒకటే దారి. నిద్ర లేవక ఆలస్యమై, బస్సు మీదికి నెట్టి అబద్ధాలు రాశానని ఈ అమ్మాయి ఒక ముక్క రాసివ్వాలి. ఫైలు ఇక్కడే మూసేస్తా.”

“రాస్తది సార్, ఎందుకు రాయది?” అత్తమ్మ సుజన చెయ్యి పట్టుకుంది. “రాయి బిడ్డా. మీ మామ నౌకరి పోతే మేం ఏం తినాలె? నువ్వు గూడ ఊరికి పోవుడే.”

సుజన మామ వైపు చూసింది. అధికారి వచ్చినప్పటి నుంచీ అతను ఒక్కసారి కూడా ఆమె ముఖం చూడలేదు. తన ఇంట్లో తిండి తిని తన మెడకే ఉరి తెచ్చిన పిల్లను ఎలా చూస్తాడు? నలభై ఒక్క పొద్దులు నడిచిన సంగతి ఆమె కాళ్ళకు తెలుసు. అయినా కింద కూర్చుని పెన్ను అందుకుంది.

“నేను రాసినవన్నీ...” పురుషోత్తం చెబుతున్నాడు. ఆమె రాస్తోంది.

“అబద్ధాలు.”

మామ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. పెన్ను లాక్కున్నాడు. కాగితం రెండుగా చింపాడు. ఆమె రెక్క పట్టి లేపి, “లోపలికి నడువ్” అన్నాడు.

“రాస్తున్న గద మామా. నువ్వు కోపం చెయ్యకు, రాస్త.”

మాట పూర్తికాకుండానే ఆమెను గదిలోకి తోసి, ముఖం మీదే తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. సుజనకు ఏమీ అర్థం కాలేదు. రాసినా కోపమేనా? తలుపుకు చెవి ఆనించింది. అవతల మామ గొంతు నింపాదిగా వినబడింది.

“నాతోని దొంగ లెక్కలు రాయించేటోళ్ళు బయటపడాలని ఆ కవరు పంపింది నేనే సార్.”