పేరు రాసిన వైపు

సీడీని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకున్నాను.

ఖాళీ సీడీలు కొనేటప్పుడు నేను చేసే పరీక్ష ఇదే. సూదిమొనంత వెలుగు అవతలి నుంచి కనిపించినా అది చెత్తబుట్టలోకే. పెట్టె మీది పేరు చూసి మోసపోయే రకాన్ని కాను. "అల్లుణ్ణి వెతికేవాళ్లు కూడా ఇంతలా చూడరు" అని మా ఆవిడ వెక్కిరిస్తుంది.

ఇది ఖాళీది కాదు. పదకొండేళ్ల కిందట మా వీధి టైలరమ్మకు నేనే రికార్డు చేసి ఇచ్చింది. ఆమె ఆరేళ్ల కూతురు బడిలో పాడిన పాట. మరుసటి నెలే ఆ పిల్ల జ్వరంతో పోయింది.

ఇంకో కాపీ లేదు. నా కెమెరా టేపు ఎప్పుడో చెరిపేశాను.

"మూడు ప్లేయర్లలో పెట్టి చూశాను. గొంతే రావడంలేదు" అంది టైలరమ్మ. "మెరిసే వైపు వేలు కూడా తగలనివ్వలేదు అన్నయ్యా. మెత్తటి గుడ్డలో చుట్టి దాచాను."

"మరి దీని మీద ఈ పేరు?"

"పాప పుట్టినరోజున బయటికి తీస్తాను. పేరు మసకబారి ఉంటుంది కదా, బాల్‌పెన్నుతో మళ్లీ దిద్దుతాను. ఏటా."

లైటుకు ఎదురుగా 'చిట్టి' అన్న రెండక్షరాలు వెలుగుతున్నాయి. పెన్ను తిరిగిన చోటల్లా లోపలి రేకు ఊడిపోయింది.

మెరిసే వైపు చిన్న గీత పడినా ఫర్వాలేదు. పాట ఉండేది పేరు రాసే వైపు, పల్చటి పూత కింద. అందరూ మెరిసే వైపును కాపాడుకుని ఈ వైపును పాడుచేసుకుంటారు. ఆ రోజు సీడీ గురించి అరగంట గొప్పలు చెప్పినవాణ్ణి, ఈ ఒక్క ముక్క చెప్పలేదు. నా నోరు పడిపోను.

"నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అన్నయ్యా?"

ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"లేదమ్మా. సీడీయే నాసిరకం. చవగ్గా వస్తోందని తెచ్చాను."

నా సరుకును నా నోటితో అలా అనడం అదే మొదలు.



"తోడబుట్టినవాడిలా నమ్మాను నిన్ను" అంది.

తల దించుకున్నాను.

సీడీ ఇమ్మని చెయ్యి చాపింది. "పాట లేదు. పేరైనా ఉంది కదా."

దాన్ని బల్ల మీద పెట్టి, నా పెన్ను తీసుకుని, మసకబారిన అక్షరాన్ని ఒత్తి ఒత్తి దిద్దింది.

ఈసారి కూడా నేనేమీ చెప్పలేదు.