రొట్టె ముట్టని తాత

నరీన్ కొండల్లో ఉన్న ఆ చిన్న కోర్టులో పాత ఫైళ్ళు చూసే బురుల్‌కాన్ నోటికి జడ్జిగారే జడుస్తారు. ఆమె టీ పోసుకుని రొట్టె తుంచబోతుంటే ఒక ముసలాయన వచ్చాడు. తలమీది కల్పక్ టోపీ తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“రా తాతా. ముందు రొట్టె ముట్టు.”

“వద్దు తల్లీ.”

బురుల్‌కాన్ మొహం మాడ్చుకుంది. ఆ కొండల్లో ఎవరైనా రొట్టె పెడితే, ఎంత తొందరలో ఉన్నా చిన్న తునకైనా నోట్లో వేసుకోవాలి. పగవాడు కూడా రొట్టెను కాదనడు.

“ఏం పనిమీదొచ్చావు?”

“జూమాలీ కేసు. ఇరవై రెండేళ్ళయింది. అందులో రాసింది తప్పు, దిద్దించాలి.”

ఆమె బీరువా అంతా వెతికి, దుమ్ము దులిపి ఫైలు తెరిచింది. గుర్రం దొంగతనం. ఒకే ఒక్క సాక్షి. ఆరేళ్ళ జైలు.

“శిక్ష పడ్డ ప్రతివాడూ ఇదే పాట పాడతాడు. ఇన్నేళ్ళూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?”

“సిగ్గమ్మా. నలుగురిలో తలెత్తుకోలేకపోయాను.”

“మరి ఇప్పుడెక్కడికి పోయింది ఆ సిగ్గు?”

“పిల్లకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. దొంగ ఇంటి పిల్ల మాకొద్దన్నారు.”

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. టోపీని పిండి ముద్దలా నలిపేస్తున్నాడు. తొందరపడి మాట తూలినందుకు బురుల్‌కాన్‌కీ సిగ్గేసింది. గొంతు తగ్గించింది.

“చూడు తాతా, తీర్పులో అక్షరం మార్చడానికి నాకు హక్కు లేదు. కొత్త ఆధారం ఏదైనా ఉంటే మళ్ళీ విచారించమని అర్జీ పెట్టొచ్చు. ఉందా?”

“ఉంది.”

“తెచ్చావా?”

“తెచ్చాను.”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. సంచీ లేదు, కాగితం లేదు.

“ఏదీ? చేతిలో టోపీ తప్ప ఏమీ లేదే! సరే, కూర్చో. ఎప్పుడు తిన్నావో ఏమో, ఇంత రొట్టె తిను. తరవాత మాట్లాడుకుందాం.”

ఆమె పళ్ళెం జరిపింది. ముసలాయన నిప్పు తగిలినట్టు రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు.

“ఊరి పెద్దల ముందు రొట్టె మీద చెయ్యేసి, జూమాలీ గుర్రం తోలుకుపోవడం కళ్ళారా చూశానని చెప్పిన సాక్షిని నేనే తల్లీ.”